తొమ్మిది కాసుల లెక్క: చైనా కథల్లో అంకెలూ వరసలూ

చైనా రచయిత లూ షున్ 1919లో అచ్చువేసిన "కొంగ్ యిజీ" మూడు వేల అక్షరాలు కూడా లేని కథ. అది మొదలయ్యేది ధరల పట్టికతో. ఊళ్లో ఒక మద్యం కొట్టు. గిన్నెడు మద్యం నాలుగు కాసులు. అది ఇరవై ఏళ్ల కిందటి మాట, ఇప్పుడు పది అయిందని కథ చెప్పేవాడు అక్కడే అంటాడు. ఇంకో కాసు పెడితే ఉప్పు వేసి ఉడికించిన వెదురు మొలకలో, సోంపు వేసి ఉడికించిన చిక్కుడు గింజలో నంజుకోవడానికి వస్తాయి. పది దాటి పెట్టగలిగితే మాంసం. పొట్టి చొక్కాల కూలివాళ్లు బల్లకు ఆనుకుని నిలబడి తాగుతారు. పొడుగు అంగీల వాళ్లు లోపలి గదిలో కూర్చుని నింపాదిగా తాగుతారు. పొడుగు అంగీ వేసుకుని కూడా నిలబడి తాగేవాడు కొంగ్ యిజీ ఒక్కడే.

అతను కొట్లోకి వచ్చి రెండు గిన్నెలు, ఒక పళ్లెం గింజలు అడుగుతాడు. తొమ్మిది కాసులు బల్ల మీద వరసగా పేరుస్తాడు. నాలుగూ నాలుగూ ఎనిమిది, గింజలకు ఒకటి. చిల్లర మిగలదు, అప్పు ఉండదు, పేర్చడంలో కాస్త దర్జా కూడా ఉంటుంది. కథ చివర్లో కాళ్లు విరిగి, చేతుల మీద పాకుతూ వచ్చినప్పుడు ఒక్క గిన్నె అడిగి, నాలుగు కాసులు తడుముకుని తీస్తాడు. గింజలు లేవు. చైనీస్ మూలంలో ఈ రెండు చోట్లా క్రియలు వేరు: మొదట "పేర్చాడు", తర్వాత "తడిమి తీశాడు". ఒక మనిషి పతనమంతా తొమ్మిదికీ నాలుగుకీ మధ్య, రెండు క్రియల మధ్య జరిగిపోయింది. కొట్టు పలక మీద అతని పేరిట 19 కాసుల బాకీ మాత్రం చివరిదాకా చెరగదు. పండగలు వచ్చినప్పుడల్లా యజమానికి గుర్తొచ్చేది ఆ 19 కాసులే.

ధరలను వేగంగా దాటేసే పాఠకుడికి ఈ కథ ఒక పిచ్చి పంతులు దీనగాథగా మిగిలిపోతుంది. ఆధునిక చైనా సాహిత్యంలో ఇది పదేపదే జరుగుతుంది. ఆ రచయితలు సమాజాన్ని ఉపన్యాసంలో కన్నా ధరలో, తూకంలో, పిలుపులో, బట్టలో పెడతారు. వాటి దగ్గర ఆగి లెక్క వేసుకుంటే కథ తెరుచుకుంటుంది.

పొడుగు అంగీ అంటే చదువుకున్నవాడి గుర్తు. కొంగ్ యిజీ పాత కన్ఫ్యూషియన్ పరీక్షల్లో మొట్టమొదటి పట్టా కూడా సంపాదించలేకపోయాడు. 1905లో ఆ పరీక్షలనే రద్దు చేశారు. అంటే 1919లో పత్రిక చేతిలో పట్టుకున్న పాఠకుడికి ఆ అంగీ అప్పటికే చెల్లని నాణెం. కొట్లో కుర్రాడికి సోంపు చిక్కుళ్ల పేరులో వచ్చే "హుయ్" అక్షరం ఎలా రాయాలో నేర్పబోతూ, అందులోని ఒక భాగాన్ని నాలుగు రకాలుగా రాయొచ్చని ఉత్సాహపడతాడు చూడండి, ఆ చదువు విలువంతా అంతే. ఈ అంగీ 2023లో మళ్లీ బయటికి వచ్చింది. పట్టాలున్నా ఉద్యోగాలు దొరకని యువత, డిగ్రీ అనేది తాము విప్పలేని కొంగ్ యిజీ అంగీ అని ఇంటర్నెట్‌లో రాయడం మొదలుపెట్టారు. కొంగ్ యిజీ కష్టాలకు కారణం చదువు కాదు, పంతులు బింకం వదులుకోలేకపోవడమే అని ప్రభుత్వ టీవీ వ్యాఖ్యానం చేస్తే పెద్ద దుమారం రేగింది. ఆ ఏడాది జూన్‌లో పట్టణాల్లో 16 నుంచి 24 ఏళ్ల వాళ్లలో నిరుద్యోగం 21.3 శాతమని లెక్క వచ్చింది. ఆగస్టులో ఆ అంకె ప్రకటించడం కొన్నాళ్లు ఆపేశారు. నూటనాలుగేళ్ల నాటి కథలోని బట్ట ఇంత సులువుగా ఇవాళ్టి వాళ్లకు సరిపోయిందంటే, లూ షున్ కొలత ఎంత కచ్చితమో తెలుస్తుంది.

భాష సంగతి తెలుగువాళ్లకు తొందరగా అర్థమవుతుంది, మనకూ గ్రాంథికం, వ్యావహారికం పోరు ఉంది కాబట్టి. "నవ యువత" పత్రికలో హూ షి 1917 జనవరిలో రాసిన వ్యాసం, మరుసటి నెలలో చెన్ దూష్యూ రాసిన వ్యాసం వాడుక భాష వైపు గట్టిగా నిలబడ్డాయి. 1918 మేలో అదే పత్రికలో లూ షున్ "పిచ్చివాడి డైరీ" వచ్చింది. డైరీ అంతా వాడుక భాషలో ఉంది, దాని ముందున్న చిన్న పీఠిక మాత్రం గ్రాంథికంలో ఉంది. ఆ పీఠికలో పిచ్చివాడికి నయమైపోయిందనీ, ప్రభుత్వ ఉద్యోగం కోసం వెళ్లిపోయాడనీ ఉంటుంది. అనువాదంలో రెండూ ఒకే భాషలో వస్తే దెబ్బ తప్పిపోతుంది. మనుషులు మనుషుల్ని తింటున్నారని చూడగలిగినవాడు వాడుక భాష మాట్లాడతాడు, నయమైనవాడు గ్రాంథికంలోకి వెళ్లిపోతాడు. తెలుగు చేసేవాళ్లు ఆ పీఠికను నిజంగానే గ్రాంథికంలో రాయాలి. మన దగ్గర ఆ సాధనం ఉంది, ఇంగ్లీషుకు లేదు.

ఇక కొలతలు. పట్టుకోవాల్సినవి నాలుగైదే. జిన్ అంటే 500 గ్రాములు. ల్యాంగ్ అంటే ఇప్పుడు 50 గ్రాములు, పది ల్యాంగ్‌లు ఒక జిన్. కానీ 1959 దాకా జిన్‌కు పదహారు ల్యాంగ్‌లు. అందుకే "అర జిన్, ఎనిమిది ల్యాంగ్‌లు" అనే సామెతకు ఇద్దరూ ఇద్దరే అని అర్థం. కొత్త లెక్కతో చదివితే సామెత తేలిపోతుంది. మూ అంటే సుమారు 667 చదరపు మీటర్లు, ఎకరంలో ఆరో వంతు. లీ అర కిలోమీటరు. ఒక యువాన్‌కు పది జ్యావ్, జ్యావ్‌కు పది ఫెన్. మాటల్లో యువాన్‌ను క్వాయ్ అనీ, జ్యావ్‌ను మావ్ అనీ అంటారు. "వైన్" అని అనువాదంలో కనిపించేది చాలాసార్లు బియ్యం పులియబెట్టి చేసిన మద్యం. బట్టీ పట్టిన సారా కాదు, ద్రాక్షదీ కాదు. వేడి చేసి తాగుతారు.

ఇవి చేతిలో పెట్టుకుని యు హువా 1995 నవల "రక్తం అమ్మినవాడి కథ"లోకి వెళ్లండి. పట్టు మిల్లులో పనిచేసే షు సాన్‌గ్వాన్ రక్తం అమ్మితే ఒకసారికి 35 యువాన్లు. అమ్మేముందు గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతాడు, రక్తం పలచబడి ఎక్కువవుతుందని నమ్మకం. అమ్మాక హోటల్లో బల్ల చరిచి, ఒక పళ్లెం వేయించిన పంది కాలేయం, రెండు ల్యాంగ్‌ల బియ్యం మద్యం, అదీ వెచ్చచేసి తెమ్మంటాడు. రెండు ల్యాంగ్‌లంటే ఇప్పటి లెక్కలో నూరు గ్రాములు. కోల్పోయిన రక్తానికి బదులుగా మనిషి తనకు తాను ఇచ్చుకునే పరిహారం అంత. నవల పొడుగునా ఈ ఆర్డరు అదే మాటలతో తిరిగి వస్తుంది, అది వింటూనే అతని వయసు, ఒంట్లో సత్తువ మనకు తెలుస్తుంటాయి. వెచ్చచెయ్యమనడం చలికాలపు అలవాటు. ఆ మాట ఏ సందర్భంలో అంటున్నాడో చూసుకోండి, తెలియకుండానే పాఠం వల్లిస్తున్న అమాయకత్వం అక్కడ దొరుకుతుంది.

అదే నవలలో కరువు అధ్యాయం ఉంది. ఇంటిల్లిపాదీ 57 రోజులు మొక్కజొన్న జావ తాగాక, షు సాన్‌గ్వాన్ పుట్టినరోజు రాత్రి ఒక్కొక్కరికీ నోటితో వంట చేసి పెడతాడు. పిల్లలకు పంది మాంసం ఎర్రగా వండి, భార్యకు చేప ఉడికించి, తనకు కాలేయం వేయించి. ముక్కలు ఎంత మందం కోయాలి, ఏ నూనెలో ఎంతసేపు ఉంచాలి అన్నీ చెబుతాడు, పిల్లలు గుటకలు మింగుతారు. 1959 నుంచి 1961 వరకు నడిచిన మహా కరువు గురించి వచ్చిన రచనల్లో ఇంతకంటే ఎక్కువగా మనసులో నిలిచే పుటలు తక్కువ. అందులో ఆకలి అన్న మాట కన్నా వంట వివరమే ఎక్కువ ఉంది.

లూ యావ్ "సామాన్య ప్రపంచం" మొదటి అధ్యాయం కూడా ఇలా నెమ్మదిగా చదవాల్సిందే. 1975, షాన్షీ రాష్ట్రంలో ఒక జిల్లా కేంద్రం, హైస్కూలు, మధ్యాహ్న భోజనం. కూరలు మూడు తరగతులు. మొదటిది బంగాళదుంప, క్యాబేజీ, సేమ్యా, పంది మాంసం ముక్కలతో మూడు జ్యావ్. రెండోది అదే, మాంసం లేకుండా, ఒకటిన్నర జ్యావ్. మూడోది నీళ్లలో ఉడికించిన ముల్లంగి, 5 ఫెన్. రొట్టెలూ మూడు రకాలే: గోధుమపిండివి తెల్లగా, మొక్కజొన్నవి పచ్చగా, జొన్నవి నల్లగా. పిల్లలు వాటికి యూరప్, ఆసియా, ఆఫ్రికా అని పేర్లు పెట్టుకున్నారు. అందరూ వెళ్లిపోయాక సన్ షావ్‌పింగ్ వచ్చి రెండు నల్ల రొట్టెలు తీసుకుంటాడు, 5 ఫెన్ల కూర కూడా కొనలేడు. తిండి తక్కువై కాదు, ఆ రంగు అందరికీ కనబడుతుందని ఆఖరున వస్తాడు. పల్లెలో పుట్టినవాడిని పల్లెకే కట్టేసే ఇంటి నమోదు పద్ధతి 1958లో చట్టమైంది. 1955 నుంచి 1993 దాకా ధాన్యం కూపన్లు నడిచాయి. డబ్బున్నా కూపన్ లేకపోతే హోటల్లో అన్నం లేదు. ఒక పాత్ర పట్టణానికి ప్రయాణమైతే కూపన్లు ఎక్కడ దాచుకుందో కథలో వెతకండి. పల్లె పిల్లవాడు పట్టణం పిల్లను ప్రేమించే కథలన్నిటికీ ఈ నమోదు కాగితమే అసలు ప్రతినాయకుడు.

పిలుపుల దగ్గరికి వస్తే తెలుగువాళ్లకు దక్కే అదృష్టం వేరు. ఇంగ్లీషు అనువాదంలో "అంకుల్" అని ఒక్కమాట. చైనీస్‌లో తండ్రి అన్న బో, తండ్రి తమ్ముడు షు, తల్లి అన్నదమ్ములు జ్యూ. మనకు పెదనాన్న, చిన్నాన్న, మేనమామ. తండ్రి అక్కచెల్లెళ్లు గూ, తల్లి అక్కచెల్లెళ్లు యీ. అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు నాలుగూ వేర్వేరు మాటలే. వదినకూ సొంత మాట ఉంది. మో యాన్ 2009 నవల "కప్ప"లో కథానాయికను కథకుడు మొదటినుంచీ "గూగూ" అంటాడు. ఇంగ్లీషులో అది వట్టి ఆంట్. తెలుగులో మేనత్త అంటే చాలు. తన మేనల్లుణ్నీ, ఊరి బిడ్డల్నీ పురుడు పోసి ఈ లోకంలోకి తెచ్చిన చేతులే తర్వాత ఒకే బిడ్డ విధానం కింద గర్భాలు తీసేస్తుంటే, మేనత్త అన్న పిలుపు ఎంత బరువెక్కుతుందో వేరే చెప్పక్కర్లేదు. పేరులోనూ పని ఉంది: కప్ప, పసిబిడ్డ, మట్టితో మనుషుల్ని చేసిన న్యూవా దేవత, మూడూ "వా" శబ్దమే.

ఇక్కడే ఒక గోతి ఉంది, వరసలు బాగా తెలిసినవాళ్లే అందులో పడతారు. చైనీస్‌లో తండ్రి అన్నదమ్ముల పిల్లలకు "థాంగ్" అని ఒక మాట. వాళ్లది ఒకే ఇంటిపేరు. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు, తల్లి అక్కచెల్లెళ్ల పిల్లలు ముగ్గురినీ కలిపి "బ్యావ్" అంటారు. మనకు మొదటి రెండూ మేనరికం, మూడోది అక్కచెల్లెళ్ల వరస. చైనాలో పాత కాలంలో బ్యావ్ వరసలో దేనికైనా పెళ్లిళ్లు జరిగేవి. 1980 వివాహ చట్టం ఆ దగ్గరి సంబంధాలన్నిటినీ నిషేధించింది. బా జిన్ నవల "కుటుంబం" తీసుకోండి. 1931లో షాంఘై దినపత్రికలో ధారావాహికగా మొదలై 1933లో పుస్తకమైంది, చెంగ్దూలో ఒక పెద్ద ఉమ్మడి కుటుంబం కథ. రెండో అన్న ప్రేమించే ఛిన్ మేనత్త కూతురు. తెలుగులో హాయిగా కుదురుతుంది. పెద్దన్న జ్యూయెషిన్ ప్రేమించిన మెయి తల్లిని మాత్రం ఆ ఇంట్లో పెద్ద "యీ" అని పిలుస్తారు. దాన్ని పెద్దమ్మ అని రాశామా, తెలుగు పాఠకుడు ఉలిక్కిపడతాడు, బా జిన్ కలలో కూడా అనుకోని పాపం నవలలోకి వచ్చేస్తుంది. ఇలాంటి చోట చుట్టాల పిల్ల అని రాసి ఊరుకోవడమే సరైన పని. అసలు ఘోరం అక్కడ లేదు. ఇద్దరు తల్లులకు మాజాంగ్ ఆట బల్ల దగ్గర మాట పట్టింపు వచ్చి ఆ పెళ్లి ఆగిపోతుంది. తర్వాత తండ్రి రెండు సంబంధాల పేర్లు ఎర్ర కాగితాల మీద రాసి ఉండలు చుట్టి, పూర్వీకుల పేరు పలకల ముందు ఒకటి తీసి కొడుక్కి పెళ్లాన్ని నిర్ణయిస్తాడు. ఆ ఉండ దగ్గర ఆగాలి.

మనుషుల పేర్లనూ ఒకసారి విడదీసి చూడండి. లూ షున్ "మందు" కథలో క్షయ పట్టిన కొడుకు కోసం, తల తెగిన విప్లవకారుడి రక్తంలో ముంచిన రొట్టె కొనే కుటుంబం ఇంటిపేరు హ్వా. చచ్చినవాడి ఇంటిపేరు ష్యా. హ్వా, ష్యా రెండూ కలిపితే చైనాకు పాత పేరు. ఇక "కప్ప"లో పిల్లలకు ముక్కు, కాలేయం, కనుబొమ్మ అని అవయవాల పేర్లు పెట్టి ఉంటాయి. మో యాన్ అనే కలం పేరుకే మాట్లాడకు అని అర్థం.

ఏ ప్రతి చదువుతున్నామో చూసుకోకపోవడం వల్ల జరిగే నష్టం అన్నిటికన్నా పెద్దది. లావ్ షె "రిక్షావాడు" 1936, 37ల్లో పత్రికలో వచ్చింది. షియాంగ్‌జీ మూడేళ్లు కడుపు మాడ్చుకుని నూరు యువాన్లు కూడబెట్టి, 96కు సొంత రిక్షా కొంటాడు. సైనికులు దాన్ని లాక్కుంటారు. అక్కణ్ణుంచి తప్పించుకుని వస్తూ తోలుకొచ్చిన మూడు ఒంటెల్ని 35కు అమ్ముతాడు. ఆఖరికి ప్రేమించిన షావ్‌ఫూజీ ఉరి వేసుకుంటుంది, అతను కూలి ఊరేగింపుల్లో జెండాలు మోసే శవంలాంటి మనిషి అవుతాడు. 1945లో అమెరికాలో వచ్చిన మొదటి ఇంగ్లీషు అనువాదం ఈ ముగింపును మార్చేసి ఇద్దర్నీ కలిపి సుఖంగా పంపించింది. పుస్తకం బాగా అమ్ముడుపోయింది. 1955లో బీజింగ్‌లో వచ్చిన ప్రతి ఇంకో రకంగా చేసింది, ఆఖరి అధ్యాయం మొత్తం, దాని ముందుదానిలో కొంత భాగం తీసేసింది. పరీక్ష సులువు: షావ్‌ఫూజీ బతికితే అది 1945 ప్రతి. ఆమె చావు తర్వాత షియాంగ్‌జీ దిగజారడం కనిపించకుండానే పుస్తకం ఆగిపోతే 1955 ప్రతి. 24 అధ్యాయాలు ఉండి, చివరిది ఊరేగింపు మధ్యలో ముగిస్తే అది లావ్ షె రాసింది. ల్యూ త్సిషిన్ "మూడు సూర్యుల" నవలకూ ఇలాంటి తేడా ఉంది. 2008 చైనీస్ పుస్తకం శాస్త్రవేత్త వాంగ్ మ్యావ్‌తో మొదలవుతుంది. ఇంగ్లీషుది సాంస్కృతిక విప్లవంలో ఒక ప్రొఫెసర్‌ను కొట్టి చంపే సభ ఉన్న అధ్యాయంతో మొదలవుతుంది. అది అనువాదకుడి సొంత కవిత్వం కాదు, రచయిత మొదట అనుకున్న క్రమమే. జ్యా పింగ్‌వా 1993 నవల "శిథిల నగరం"లో మధ్యమధ్య ఖాళీ చతురస్రాలు ఉండి, ఇక్కడ రచయిత ఇన్ని అక్షరాలు తీసేశాడని రాసి ఉంటుంది. మరుసటి ఏడాది పుస్తకం నిషిద్ధమైంది, 2009లో తిరిగి వచ్చినప్పుడు చతురస్రాలు పోయాయి.

కోతలు ఎక్కడ పడతాయో తెలియాలంటే అచ్చు పద్ధతి తెలియాలి. చైనాలో పుస్తకానికి ప్రభుత్వం ఇచ్చే పుస్తక సంఖ్య ఉండాలి. అది అనుమతి ఉన్న ప్రచురణ సంస్థలకే దక్కుతుంది. లోపల మూడుసార్లు సమీక్ష, మూడుసార్లు ప్రూఫ్ దిద్దడం అనేది నియమం. సంపాదకుడు, ఆ విభాగం పెద్ద, ప్రధాన సంపాదకుడు వరసగా చదువుతారు. యాన్ ల్యెన్‌కె 2006 నవల "డింగ్ పల్లె కల", హెనాన్‌లో 1990ల్లో రక్తం అమ్ముకుని ఎయిడ్స్ తెచ్చుకున్న పల్లెల గురించినది, అచ్చయ్యాక కూడా నిలిపేశారు. యు హువా నవల పక్కన పెట్టి దాన్ని చదవండి. ఒకే సరుకు, రెండు కాలాలు.

పారితోషికం వెయ్యి అక్షరాల లెక్కన. 2014 నిబంధన ప్రకారం సొంత రచనకు వెయ్యి అక్షరాలకు 80 నుంచి 300 యువాన్లు. అంతకుముందు 1999 నిబంధనలో 30 నుంచి 100 ఉండేది. వెయ్యి చైనీస్ అక్షరాలంటే సుమారు 600 నుంచి 700 ఇంగ్లీషు మాటలు. మావ్ దున్ అనే నవలాకారుడు తన పొదుపు 2,50,000 యువాన్లు రాసిచ్చిన బహుమతికి నవల కనీసం 1,30,000 అక్షరాలు ఉండాలి. దానికి తక్కువై, కథకు ఎక్కువై ఉండే "మధ్య రచన" అనే ప్రక్రియ చైనాలో బాగా పండింది. "షోహ్వో" లాంటి రెండు నెలల కొక పత్రికల మందమే దానికి చోటిచ్చింది. యు హువా "బతకడం" 1992లో అక్కడ మధ్య రచనగానే వచ్చి తర్వాత పెరిగింది. ఆలోచించి చూస్తే ఆ నవల బిగి దాని తొలి పొట్టిరూపం నుంచే వచ్చింది.

ఆ "షోహ్వో" 1957లో మొదలైనప్పుడు మొదటి సంచికలో లావ్ షె నాటకం "టీ కొట్టు" ఉంది. మూడు అంకాలు. మొదటిది 1898, సంస్కరణలు విఫలమైన శరత్కాలం. రెండోది యుద్ధనాయకుల రోజులు. మూడోది జపాన్ ఓడిపోయాక. నాటకం చదివేవాళ్లు రంగ సూచనలు వదిలేస్తారు, ఇక్కడ మాత్రం వదలకూడదు. మొదటి అంకంలో గోడల నిండా కాగితాలు అంటించి ఉంటాయి: దేశ వ్యవహారాలు మాట్లాడొద్దు. రెండో అంకంలో కొట్టు కొత్తగా ముస్తాబైనా ఆ కాగితాలు మాత్రం ఉన్నాయి, అక్షరాలు పెద్దవయ్యాయి. మూడో అంకంలో కొట్టు పాడుబడింది, కాగితాలు ఇంకా ఎక్కువయ్యాయి, అక్షరాలు ఇంకా పెద్దవయ్యాయి. వాటి పక్కన కొత్త కాగితం ఒకటి: టీ డబ్బులు ముందే ఇవ్వాలి.